శామీర్‌పేట చెరువు ఏం తిన్నది?

2017 అక్టోబర్‌లో ఒక ఉదయం శామీర్‌పేట పెద్ద చెరువు ఒడ్డు తెల్లబడింది. దగ్గరికి వెళ్లినవాళ్లకు కనిపించినవి వెల్లకిలా తేలిన చేపల పొట్టలు. చూసినవాళ్లు వేలల్లో అన్నారు, మత్స్యకారులు లక్షల్లో అన్నారు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ వైపు పోయే బస్సుల్లోకి కూడా వాసన కొట్టింది. ఎగువ నుంచి వచ్చే పరిశ్రమల వ్యర్థ జలమే చంపిందని మత్స్యకారులు మొత్తుకున్నారు. అధికారులు వచ్చి నీళ్ల నమూనాలు పట్టుకెళ్లారు.

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా పుట్టి అప్పటికి సరిగ్గా ఏడాది. ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే కార్యక్రమానికి అది రెండో ఏడు. నిజాం కాలంలో కట్టిన ఈ చెరువు మీద ఆధారపడిన కుటుంబాలకు ఎన్నో ఏళ్ల తర్వాత ఒక నమ్మకం చిక్కిన సమయం అది. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో కంపు కొట్టింది.

చెరువులో ఏం కలిసిందని అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నన్ను వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ చెరువు ఏం తిన్నది? వ్యర్థ జలం చేపను రెండు దారుల్లో చంపుతుంది. ఒకటి, నేరుగా విషమై మొప్పల్నీ నరాల్నీ పట్టుకోవడం. రెండోది, నీళ్లకు మేతగా మారడం. ఈ రెండో దారిలో పోలీసు కేసుకు పనికొచ్చే విషమంటూ ఏదీ దొరకదు. చేపను చంపింది తిండి అంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. అందుకే దాని గురించే రాస్తున్నాను.

ఇక్కడి నుంచి చెప్పేది పునర్నిర్మాణం. మనుషులకు పేర్లు పెట్టలేదు. వాళ్ల నోట పలికించినవి చెరువు కట్టల మీద ఇలాంటి తెల్లవారుజాముల్లో వినబడే మాటలు. నీళ్ల లోపల జరిగేది మాత్రం రసాయన శాస్త్రం, చేప శరీర ధర్మం చెప్పే వరుసలోనే ఉంటుంది.

సాయంత్రం 5 గంటలు

ఎండ వాలుతోంది. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచుది. పొద్దంతా ఎండ తాగి ఆక్సిజన్ వదిలింది కాబట్టి, రోజు మొత్తంలో చెరువుకు ఊపిరి నిండుగా ఉండే వేళ ఇదే.

ఇంత పెద్ద చెరువులో ఎవరూ దాణా వేయరు. చెరువే చేపల్ని సాకుతుంది. బొచ్చ పైపొరలో తిరుగుతూ నీళ్లలో తేలే సూక్ష్మ జీవుల్ని వడగట్టుకుంటుంది. రవ్వ నడిమి పొరలో మేస్తుంది. మ్రిగాల, బంగారుతీగ అడుగున బురద కెలుకుతాయి. ఒకదాని కంచంలో ఇంకొకటి చెయ్యి పెట్టదు. మూడు నాలుగు రకాల పిల్లల్ని కలిపి వదలడం వెనకున్న లెక్క ఇదే. అడపాదడపా నిండే కుంటల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లల్ని, ఏడాది పొడుగునా నీళ్లుండే పెద్ద చెరువుల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్ని వదులుతారు. పెద్ద నీళ్లలో కొర్రమట్టలు, వాలుగలు ఉంటాయి. చిన్న పిల్ల వాటి నోటికే పోతుంది.

ఆ నెల మొదట్లో హైదరాబాద్ చుట్టూ భారీ వర్షాలు పడ్డాయి. వాన అంటే మత్స్యకారుడికి సంబరమే, చెరువు నిండుతుంది. అయితే ఈ శివార్లలో వాన ఒక్కటే రాదు. నెలల తరబడి కాలువల్లో, ఖాళీ ప్లాట్లలో, మోరీల్లో, షెడ్ల వెనక పేరుకున్నదంతా పెద్ద వరదతో కదిలి వస్తుంది. మరుగుదొడ్ల నీళ్లు, హోటళ్ల ఎంగిలి, కోళ్ల ఫారాల పెంట, పరిశ్రమల మురుగు, కుళ్లిన గడ్డి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమంటే కోళ్ల ఫారాలకు పేరు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, ఆ తర్వాత గేటెడ్ కాలనీలు వచ్చాయి. వీటన్నిటికీ పల్లం చెరువే.

ఈ సరుకంతా నీళ్లలోని బ్యాక్టీరియాకు విందు. వాటిలో ఎక్కువ భాగం మనలాగే ఆక్సిజన్ పీల్చి బతికేవి. తిన్నకొద్దీ పెరుగుతాయి, పెరిగినకొద్దీ పీలుస్తాయి.

రాత్రి 10 గంటలు

చీకటి పడ్డాక నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపి, తానూ పీల్చడం మొదలుపెడుతుంది. పగలు ఇచ్చే చెయ్యే రాత్రి పుచ్చుకుంటుంది. చేపలు పీలుస్తాయి, పురుగులు పీలుస్తాయి, బురద పీలుస్తుంది. ఇప్పుడు వరదతో వచ్చిన మేత మీద పెరిగిన బ్యాక్టీరియా కూడా పంక్తిలో చేరింది.

నీళ్లలో ఆక్సిజన్ ఎంత తక్కువో మనకు తట్టదు. 30 డిగ్రీల వేడిలో లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే వేడిలో లీటరు నీళ్లు గాలి నుంచి తమంతట తాము పట్టుకోగలిగింది ఏడున్నర మిల్లీగ్రాములే. పచ్చటి నీళ్లలో మధ్యాహ్నం నాచు పుణ్యమా అని అంతకు మించి కూడా ఉంటుంది గానీ, ఆ ఎక్కువంతా పొద్దు గూకాక కరిగిపోయేదే. గాలి కంటే కొన్ని వందల రెట్లు బరువైన నీళ్లను నోటితో లాక్కుని, మొప్పల మీదుగా తోసి, ఆ చిటికెడు ఆక్సిజన్‌ను ఏరుకుంటూ చేప జీవితాంతం బతుకుతుంది.

ఇప్పుడు మేత లెక్క చూడండి. కిలో పిండి పదార్థం నీళ్లలో పూర్తిగా కుళ్లి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారాలంటే కిలోకు కాస్త పైగా ఆక్సిజన్ కావాలి. లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల చొప్పున, కిలో పిండి మింగేది దాదాపు లక్షా నలభై వేల లీటర్ల నీళ్లలోని ఆక్సిజన్ మొత్తం. తవుడైనా, అన్నమైనా, బ్రెడ్డయినా, పెండ అయినా, తేమ తీసేసి చూస్తే లెక్క కొంచెం అటూ ఇటూ అంతే. వరద మోసుకొచ్చేది కిలోల్లో ఉండదు.

ఇందులో నన్ను బాగా కలచివేసే విషయం ఒకటుంది. కడుపు నిండిన చేపకు ఊపిరి ఎక్కువ కావాలి. తిన్నది అరగడానికి ఆక్సిజన్ కావాలి కదా. మేత మీద ఉన్న చేప కొన్ని గంటల పాటు, పస్తున్న చేప కంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ పీల్చే సందర్భాలున్నాయి. వరద తెచ్చిన మేతకు ఎగబడి తిన్న చేప, అదే మేత ఊపిరి తీసే రాత్రిలోకి నిండు కడుపుతో అడుగు పెడుతుంది.

చేపపిల్లలు అమ్మేవాళ్లకు ఈ సంగతి కొట్టినపిండి. లారీ ఎక్కించే ముందు పిల్లల్ని ఒక పూటో రోజో మేత లేకుండా ఇరుకు వలలో ఉంచుతారు. కడుపు ఖాళీ అయ్యాకే పాలిథిన్ సంచుల్లో పోస్తారు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా అంతా సిలిండర్ నుంచి పట్టిన ఆక్సిజన్. పస్తు పెట్టని పిల్లలు దారిలోనే విసర్జించి, ఆ నీళ్లలోనే ఊపిరాడక చస్తాయి. ప్రభుత్వం ఇచ్చే పిల్లల సంచులు చెరువు దగ్గర విప్పేటప్పుడు అడుగున తెల్లటి పొరలా చచ్చిన పిల్లలు కనిపిస్తే, ఎక్కడో ఆ ఒక్క పూట పస్తు తప్పిందేమోనని కూడా అడగాలి.

తెల్లవారుజామున 4 గంటలు

కట్ట మీద ఇద్దరు. ఒకాయన వయసులో పెద్ద, నలభై ఏళ్లుగా వల పట్టిన మనిషి. ఇంకొకడు ఆయన అన్న కొడుకు. థర్మాకోల్ తెప్ప దించబోయి ఆగిపోయాడు.

"కాకా, చాపలన్నీ పైకొచ్చినయ్. నోర్లు తెరుస్తున్నయ్."

"ఎంత దూరం?"

"తూము కాడికెళ్లి అవతలి ఒడ్డు దాక. సప్పుడు ఇనవడ్తలే?"

వినిపిస్తోంది. వేల నోళ్లు నీటి పైపొరను చప్పరిస్తున్న చప్పుడు. గాలిని తాకే ఆ పలుచటి పొరలోనే ఇంకా కొంచెం ఆక్సిజన్ మిగిలింది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందికి దిగితే బొచ్చ, రవ్వ ఇబ్బంది పడతాయి. ఒకటి దగ్గరికి వస్తే చావు మొదలవుతుంది.

"చిన్నయా, పెద్దయా?"

"పెద్దయే కాకా. తేలినయన్నీ పెద్దయే. పరకలు ఇంక ఉరుకుతనే ఉన్నయ్."

పెద్దాయన బీడీ పారేశాడు. ఆ ఒక్క ప్రశ్నలో ఆయన చేసింది శవపరీక్ష. ఊపిరి చాలని చెరువులో ముందు పోయేది పెద్ద చేప. చిన్నదానికి ఒంటి బరువుతో పోలిస్తే మొప్పల వైశాల్యం ఎక్కువ, పైపొర మీది పలుచటి నీళ్లు దాని నోటికి సరిపోతాయి. విషం చిన్నా పెద్దా చూడదు. చాలాసార్లు ముందు బలయ్యేవి చిన్నవే. విషమైతే మధ్యాహ్నం కూడా చంపుతుంది. ఊపిరి చావు మాత్రం ఎక్కువగా తెల్లవారుజామునే వస్తుంది.

"కొర్రమట్టలు జూసినవా?"

"రెండు ఎగిరినయ్. మంచిగనే ఉన్నయ్."

కొర్రమట్టకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే ఏర్పాటు తలలోనే ఉంది. పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి దిగిపోతుంది. మార్పు, ఇంగిలాయి కూడా అంతే. బొచ్చలు తెల్లగా తేలిన నీళ్లలో కొర్రమట్టలు నిక్షేపంగా తిరుగుతుంటే అది ఊపిరి చావని చెప్పడానికి ఇంకో సాక్ష్యం. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది ఈ కొర్రమేనునే. చెడ్డ నీళ్లను తట్టుకోగల చేపను మనం ఎంచుకున్నాం. మిగతావాటికి మంచి నీళ్లు ఉంచే బాధ్యత దాంతో తీరదు.

పెద్దాయన మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక రవ్వను అందుకున్నాడు. ఇంకా ప్రాణం ఉంది. నోరు తెరిచే ఉంది, మొప్పల కప్పులు రెండు వైపులా విచ్చుకుని బిగుసుకున్నాయి. కప్పు కింద బొటనవేలు పెట్టి ఎత్తి చూశాడు. ఆ రంగు చూసే అలవాటు ఆయనకు ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. ఎర్రగా ఉంటే ఒక కథ. చాక్లెట్ రంగులో ఉంటే ఇంకో కథ: కుళ్లిన మాంసకృత్తుల నుంచి పుట్టిన అమ్మోనియా బ్యాక్టీరియా చేతిలో నైట్రైట్‌గా మారి, రక్తంలోకి వెళ్లి, ఆక్సిజన్ మోసే ఎర్ర పదార్థాన్ని పనికిరాకుండా చేసిందని అర్థం. అప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేపకు అందదు. మొప్పల మీద బూడిద రంగు జిగురు కప్పి ఉంటే అది మూడో కథ.

"ఏం జేద్దాం కాకా?"

చేయడానికి ఆ గంటలో ఏమీ లేదు. ఎకరం చెరువైతే మోటారు వేసి నీళ్లను ఎగజిమ్మించవచ్చు. పక్క బోరు నుంచి కొత్త నీళ్లు కొట్టవచ్చు. ఇంత చెరువుకు పొద్దు పొడవడం ఒక్కటే మందు. ఎండ తగిలాక నాచు మళ్లీ పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. ఆ లోపు చచ్చిన చేప కూడా కుళ్లడం మొదలై, నీళ్లకు ఇంకో మేత అవుతుంది. అందుకే ఇలాంటి చావు ఒక్క రోజుతో ఆగదు.

పునర్నిర్మాణం ఇక్కడికి ఆపుతాను. పెద్ద చెరువులో తెలియకుండా జరిగేది, చిన్న చెరువులో రైతు తన చేత్తో చేస్తాడు. అది కూడా చెప్పాలి. ఎందుకంటే మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఇప్పుడు పొలం మూల తవ్వించి చేపలు వేసేవాళ్లున్నారు. ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మేత అమ్మేవాళ్లు చాలామంది దొరుకుతారు, మేత ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్లు తక్కువ.

ఎకరం చెరువు, ఐదడుగుల లోతు అనుకుందాం. అందులో పట్టేవి సుమారు 60 లక్షల లీటర్లు. నిండుగా ఆక్సిజన్ ఉన్నా మొత్తం కలిపి 45 కిలోలు. ఒక 50 కిలోల తవుడు బస్తా చేపలు తినకుండా అడుగున మిగిలి కుళ్లిందంటే, అది అడిగే ఆక్సిజన్ ఆ చెరువు దగ్గరున్న దానికంటే ఎక్కువ. ఒక్క రాత్రిలో కుళ్లదు, పగలు నాచు కొంత పూడుస్తుంది, గాలి కొంత ఇస్తుంది. అయినా రోజుకు ఇన్ని కిలోలు మిగులుతూ పోతే, మబ్బు పట్టిన రెండు రోజులు చాలు. మబ్బులో నాచు పని మందగిస్తుంది. రైతు మాత్రం బస్తా విప్పడం మానడు. "నిన్న సరిగ్గ తినలే, ఇయ్యాల ఇంకింత ఎయ్యి" అంటాడు. తినకపోవడమే చేప చెప్పిన మాట. దాన్ని ఆకలిగా అర్థం చేసుకుంటాడు. ప్రేమతోనే వేస్తాడు, ఆ ప్రేమే చంపుతుంది.

కొల్లేరు చుట్టుపక్కల రైతులు దీనికి ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. తవుడు, చెక్క నేరుగా నీళ్లలో చల్లకుండా, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, చెరువులో పాతిన గుంజలకు కట్టి వేలాడదీస్తారు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర నోటితో పొడుచుకుని తింటాయి. కొన్ని గంటల తర్వాత పడవ మీద వెళ్లి సంచి ఎత్తి చూస్తే ఎంత తిన్నాయో తెలుస్తుంది. ఖాళీ అయితే రేపు కొంచెం పెంచు, మిగిలితే తగ్గించు. ఆంధ్రలో బొచ్చ, రవ్వల సాగు అంత ఎత్తుకు ఎదగడంలో ఈ సంచి పాత్ర చిన్నది కాదు. చేపకు ఒంట్లో ఎంత బాగుందో రైతు రోజూ చదువుకునే పుస్తకం ఆ సంచే. మామూలుగా చేపల మొత్తం బరువులో రోజుకు 2, 3 శాతం మేత వేయమంటారు. కాగితం మీద ఆ లెక్క మంచిదే, కానీ చలికాలపు ఉదయానికీ, ముసురుకీ ఆ శాతం వర్తించదు. ఆ రోజు సంచి చెప్పిందే లెక్క.

మేత ఎంత అన్నది ఒక ఎత్తయితే, మేత ఎలాంటిది అన్నది ఇంకో ఎత్తు. 1960లో అమెరికాలోని రెయిన్‌బో ట్రౌట్ చేపల కేంద్రాల్లో చేపలకు మూకుమ్మడిగా కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఏ క్రిమీ దొరకలేదు. చివరికి వెతికి వెతికి మేతలో కలిపిన పత్తి గింజల చెక్క దగ్గరికి వచ్చారు. బూజు పట్టిన ఆ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. అక్కడ దొరికిన దోషి బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న పల్లి చెక్క. మన దగ్గర పల్లి చెక్క చేపకు మొదటి నుంచీ పెడుతున్న మంచి మేత. వానాకాలంలో రేకుల షెడ్డు కింద, నేల మీదనే పడేసిన చెక్క బస్తా విప్పితే ఆకుపచ్చగా, పసుపుగా బూజు కనిపిస్తుంది. "చాపలే గదా" అని దాన్నే పొడి కొట్టి వేస్తారు. ఆ మేత తిన్న చేప వెంటనే తేలదు. ఎదగదు, చిన్న జబ్బుకే పడిపోతుంది. పేను పట్టిందనీ, పుండ్లు వచ్చాయనీ మందులకు పరిగెడతాం. బస్తా వైపు ఎవరూ చూడరు.

విటమిన్ సి సంగతీ ఇలాంటిదే. చాలా చేపలు మనలాగే దాన్ని సొంతంగా తయారు చేసుకోలేవు. మేతలో అది లేకపోతే వెన్నుపూస వంకర తిరుగుతుంది. పాత స్టాకు మేతలో, ఎండలో వదిలేసిన బస్తాల్లో ముందుగా నశించేది ఆ విటమినే. సహజమైన చెరువులో నాచు, సూక్ష్మ జీవులు దొరికే చేపకు ఈ లోటు రాదు. సిమెంటు ట్యాంకుల్లో, టార్పాలిన్ గుంటల్లో గుళికల మేత తప్ప వేరే దిక్కులేని చేపకే ఇది శాపం.

ఇక కోడి వ్యర్థాల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. హైదరాబాద్ చికెన్ దుకాణాల పేగులు, తలలు, ఈకలు రాత్రిపూట డ్రమ్ముల్లో చేపల గుంటలకు చేరుతున్నాయని పట్టుబడిన వాహనాలే ఎన్నోసార్లు చెప్పాయి. ముఖ్యంగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గుంటలకు. ఆ చేప పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అది గాలి పీల్చుకోగలదు కాబట్టి ఆ కుళ్లులోనూ బతుకుతుంది, ఏదైనా తింటుంది. అది బతికిందని ఆ నీళ్లు బాగున్నట్టు కాదు. వానకు ఆ గుంట పొంగి కిందికి పారితే ఆ నీళ్లు వచ్చి కలిసేది ఏదో ఒక సంఘం చెరువులోనే. అక్కడ ఉండేవి బొచ్చలు, రవ్వలు. ఒకడి చవక మేత మరొకడి చేపకు ఊపిరి కొరత.

చేప ఆకలికి చావదా అంటే, ఒక్క వయసులో చస్తుంది. గుడ్డు పగిలిన మూడు రోజులకు పిల్ల పొట్టకింది పచ్చసొన సంచి అయిపోతుంది. అప్పటికి దాని పొడవు ఐదారు మిల్లీమీటర్లు. ఆ క్షణం నుంచి నోటికి పట్టేంత చిన్న జీవులు నీళ్లలో సిద్ధంగా ఉండాలి. అందుకే నర్సరీ చెరువుకు ముందే ఎరువు వేసి నీళ్లను పండిస్తారు, తర్వాత తవుడూ పల్లి చెక్కా మెత్తగా పొడి చేసి చల్లుతారు. ఆ వారం పదిరోజుల్లో మేత తప్పితే వేలకు వేలు మాయమవుతాయి, శవాలు కూడా కనిపించవు. ఆ గండం గడిచాక బొచ్చ, రవ్వ మొండివి. ఆంధ్ర రైతులు కావాలనే పిల్లల్ని నెలల తరబడి ఇరుకు చెరువుల్లో అరకొర మేతతో గిడసబారుస్తారు. తర్వాత విశాలమైన చెరువులోకి మార్చి కడుపునిండా పెడితే, పోగొట్టుకున్న ఎదుగుదలను అవి వేగంగా అందుకుంటాయి. నెలల పస్తును తట్టుకోగల ఈ చేప చావడానికి ఒక్క రాత్రి ఊపిరి చాలకపోతే చాలు.

శామీర్‌పేటది ఒంటరి కథ కాదు. 2016 మార్చిలో బెంగళూరు అల్సూర్ చెరువులో వేల చేపలు తేలాయి. అక్కడా నగరపు మురుగే చెరువుకు మేత. ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది మీద మెనిండీ దగ్గర 2018 డిసెంబర్, 2019 జనవరి నెలల్లో చచ్చిన చేపలు లక్షల్లో ఉన్నాయి. వాటిలో దశాబ్దాల వయసున్న మర్రే కాడ్ చేపల్ని స్థానికులు రెండు చేతుల్లో ఎత్తి చూపారు. కరువుతో ప్రవాహం నిలిచిపోయిన నీళ్లలో నాచు విపరీతంగా పెరిగింది. వాతావరణం ఒక్కసారిగా చల్లబడి, అడుగునున్న ఊపిరి లేని నీళ్లు పైనీళ్లతో కలిసిపోయాయి. ఎవరూ విషం పోయలేదు.

మన చెరువు కట్టల మీద ఇంకో మేత కూడా ఉంది. ఆదివారం కట్ట మైసమ్మ గుడి దగ్గరికి వచ్చి, పిల్లల చేత మరమరాలు, బ్రెడ్డు, మిగిలిన ప్రసాదం నీళ్లలో వేయిస్తారు. పుణ్యమని నమ్మే వేస్తారు, దాన్ని నేను తప్పుపట్టను. పిడికెడు మరమరాలకు చెరువు చావదు. ఆ మరమరాలు తెచ్చిన ప్లాస్టిక్ సంచిని కూడా చెరువుకే వదిలి పోవడం దగ్గరే నా బాధ. చేపకు నిజంగా పెట్టాలనుంటే మీ కాలనీ మురుగు ఎటు పారుతోందో ఒకసారి వెళ్లి చూడండి. ఆ పైపు చివర చెరువు ఉంటే, మీరు రోజూ పెడుతున్న మేత అదే.

2017 లాంటి ఉదయం మళ్లీ వస్తే నిజం తేలాలి. ఆ నిజం దొరికే సమయం చాలా తక్కువ. అధికారులు కారేసుకుని వచ్చేది పదకొండింటికి. అప్పటికి ఎండెక్కి నాచు మళ్లీ ఆక్సిజన్ వదులుతుంటుంది. ఆ వేళ పట్టిన నీళ్లు, నాలుగింటికి చేపలు పీల్చలేకపోయిన నీళ్లు ఒకటి కావు. వ్యర్థాలు వదిలినవాడికి ఈ ఏడు గంటలే రక్ష. దీనికి జవాబు కొత్తదేమీ కాదు. 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ కనిపెట్టిన పరీక్ష ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో చేస్తారు. మూత బిగుతుగా పట్టే గాజు సీసాను గాలి బుడగ లేకుండా చెరువు నీళ్లతో నింపాలి. అందులో మాంగనీస్ సల్ఫేటు, తర్వాత క్షారం కలిపిన అయోడైడు కొద్దికొద్దిగా వదలాలి. నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగానే ఉంటుంది. ఆ తర్వాత సీసాను చీకట్లో ఉంచి కొన్ని గంటల్లో ల్యాబుకు చేరిస్తే, నాలుగింటి నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో అంకెతో సహా తేలుతుంది. విషం పరీక్షకు మరో రెండు సీసాల నీళ్లు, మంచులో పెట్టిన రెండు తాజా చేపలు కావాలి.

ప్రతి మత్స్య సహకార సంఘం దగ్గర ఈ సీసాలు ఉండాలి. కట్ట మీద మొదట నిలబడేది సంఘం మనుషులే కాబట్టి, వాటిని నింపడం, గంట రాయడం, సంతకం పెట్టించడం వాళ్లకే నేర్పాలి. ఇందులో ఏదీ ఖరీదైన పని కాదు. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ల్యాబులున్న కాలేజీలకు కొదవ లేదు. శామీర్‌పేట మండలంలోనే జీనోమ్ వ్యాలీ ఉంది. మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి కలిసి, మత్స్యకారుడు తెల్లవారుజామున పట్టిన సీసాను సాక్ష్యంగా ఒప్పుకుంటామని కాగితం మీద రాసిస్తే, పెద్దాయన చూసిన మొప్పల రంగుకూ, విన్న చప్పుడుకూ ఫైల్లో చోటు దొరుకుతుంది.